ఛార్జర్ మీద వాట్లు: ఇంట్లోనే ఒక ఫిజిక్స్ పాఠం



"పెద్ద ఛార్జర్ పెడితే ఫోన్ పాడవుతుందా?", "చిన్న ఛార్జర్ అయితే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుందా?" ఇవి చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్నలే. జవాబు 10వ తరగతి ఫిజిక్స్‌లోని ఒక చిన్న సూత్రంతో మొదలవుతుంది. ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి కూర్చుని చూడండి.

లేబుల్ చదివించండి

ఛార్జర్ మీద సన్నని అక్షరాల్లో 'అవుట్‌పుట్' అని ఉంటుంది. అక్కడి వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. 9 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే 27 వాట్లు.

ఎంత తీసుకోవాలో ఫోన్‌దే నిర్ణయం

వాట్లు ఛార్జర్ ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితి మాత్రమే. పెద్ద గిన్నెలో అన్నం వండారని పిల్లవాడు గిన్నెడూ తినడు కదా! 18 వాట్లు మాత్రమే తీసుకోగల ఫోన్‌కు మంచి కంపెనీ 65 వాట్ల ఛార్జర్ పెట్టినా అది 18 వాట్లకు మించి తీసుకోదు. ఫోన్ పాడవదు, వేగమూ పెరగదు. ఫోన్, ఛార్జర్‌ల ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతులు వేరైతే పెద్ద ఛార్జర్‌తో కూడా నెమ్మదిగానే ఎక్కుతుంది. కేబుల్ నాసిరకమైనా అంతే.

లెక్క వేయించండి

5000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీలో సుమారు 19 వాట్-గంటల శక్తి నిల్వ ఉంటుంది. 10 వాట్లతో నింపడానికి కాగితం మీద దాదాపు 2 గంటలు, 33 వాట్లతో సుమారు 35 నిమిషాలు. నిజంగా ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. కొంత శక్తి వేడిగా పోతుంది. పైగా బ్యాటరీ నిండేకొద్దీ ఫోన్ తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది. ఖాళీ బస్సులో అందరూ గబగబా కూర్చుంటారు, నిండుతున్న బస్సులో సీటు వెతుక్కోవాలి. ఇదీ అలాంటిదే.

బ్యాటరీకి అసలు శత్రువు వేడి

లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత తొలి నిల్వలో 80 శాతం నిలుపుకొనేలా రూపొందించామని ఆపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 మోడళ్లకు ఆ లెక్క 1000. సగం చొప్పున రెండుసార్లు ఎక్కిస్తే ఒక పూర్తి ఛార్జింగ్ కింద లెక్క. వేడి ఈ అరుగుదలను వేగం చేస్తుంది. ఎక్కువ వాట్లతో ఎక్కించినప్పుడు వేడి కొంత పెరుగుతుంది కాబట్టి, తొందర లేనప్పుడు నెమ్మదైన ఛార్జింగే మేలు. అందుకని:

• ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌లో పిల్లలను గేమ్స్ ఆడనివ్వకండి.
• దిండు కింద, పరుపు మీద, ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి ఛార్జ్ చేయకండి.
• రాత్రంతా ఉంచాల్సి వస్తే, సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉందేమో చూసి ఆన్ చేయండి.

డబ్బు ఆదా చేయకూడని చోటు

ప్రమాదం వాట్లలో కన్నా నాసిరకం ఛార్జర్‌లో ఎక్కువ. మన దేశంలో అమ్మే ఛార్జర్‌కు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాని మీద బీఐఎస్ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును 'బీఐఎస్ కేర్' యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ వెంటనే ఆపి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇంటి ప్రయోగం

ఫోన్ 20 శాతం ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టి, ప్రతి 10 నిమిషాలకు ఎంత శాతం ఎక్కిందో మీ పాపతోనో బాబుతోనో రాయించండి. గ్రాఫ్ గీయమనండి. గీత ఎక్కడ వంగిందో, ఎందుకు వంగిందో మీకు వివరించమనండి. ఆ గ్రాఫ్‌ను సైన్స్ టీచర్‌కు కూడా చూపించమని చెప్పండి.