తారీఖు తప్పకు బిడ్డా

సిద్దిపేట

బిడ్డా,

వాట్సాపుల నువ్వు పెట్టిన పెద్ద మెసేజ్ రెండుసార్లు చదివిన. ఫోన్ల చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతవని కాగితం మీద రాస్తున్న. దాచిపెట్టుకో.

ఇంటి లోనుకు పోతే క్రెడిట్ స్కోరు 690 ఉన్నదని, ఆరు నెలలు ఆగి రమ్మన్నరని రాసినవ్. ఆ రాత్రే మీ అమ్మ ఫోన్ చేసింది. పిల్ల దగ్గర నాలుగు క్రెడిట్ కార్డులున్నయట, బ్యాంకోళ్లు ఫోన్లు చేస్తున్నరట, ఎవరో చెప్పిన్రట అని ఒకటే ఏడుపు. భయపడ్డది, ఇంకేం లేదు. ఆమెను కోప్పడకు. నువ్వు ఎవరి పైసా ఎగ్గొట్టే పిల్లవు కావని ఆమెకు చెప్పిన, నీకూ చెప్తున్న.

కార్డులు కత్తిరించి పారెయ్యమని మీ మామయ్య అంటున్నడు. నేను అనను. మిత్తి లేకుండ 45 రోజులు, ఒక్కోసారి 50 రోజులు ఉద్దెర ఇచ్చే షావుకారును మా కాలంల నేను చూడలే. అసలు అప్పే ముట్టనోళ్లకు స్కోరే ఉండదు, వాళ్ల నడత బ్యాంకోళ్లకు తెల్వది. తీసుకున్నది తిరిగి కట్టినవన్న లెక్క ఎక్కడో ఒక దగ్గర రాసి ఉండాలె. అందరి నోట్ల సిబిల్ పేరే తిరుగుతది గని, ఆ లెక్క రాసే కంపెనీలు దేశంల నాలుగున్నయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. 300 నుంచి 900 దాక మార్కులేస్తరు. ఆ మార్కులల్ల అన్నిటికన్న బరువు టైముకు కట్టినవా లేదా అన్నదానిది.

నువ్వు పంపిన బిల్లులు అద్దాలు పెట్టుకోని ఒక్కొక్కటి చూసిన. మొదటి కార్డు గడువు 26 తారీఖు. నీ జీతం 1న పడ్తది. 2న మొత్తం కడుతున్నవ్. "ఆరేడు రోజులకేమైతది అత్తమ్మా, లేట్ ఫీజు కూడ కట్టిన గద" అని రాసినవ్. నీ తిప్పలంత అక్కడనే ఉన్నది. గడువు దాటినంక మూడు రోజుల దాక లేట్ ఫీజు వేయొద్దు, బాకీ పడ్డదని రాసి పంపొద్దు అని రిజర్వ్ బ్యాంకు రూలు. మూడు దాటినయంటే మాత్రం గడువు నాటి నుంచే లెక్క మొదలైతది. ఇంకొకటి విను. బ్యాంకులు ఆ నాలుగు కంపెనీలకు నెలల రెండుసార్లన్నా లెక్క పంపాలె, అందుల నెలాఖరు నాటిది ఒకటి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టు. 26 నుంచి 30కి నాలుగు రోజులు, 31కి అయిదు. ఒక్క ఫిబ్రవరి తప్ప ప్రతి నెలాఖరుకు నువ్వు బాకీదారువే. తెల్లారి జీతం పడ్తది, ఆ తెల్లారి కట్టేస్తవు, కానీ పోయిన లెక్క పోయింది. రిపోర్టుల ఆ నెల గడిల నాలుగో అయిదో అంకె పడి ఉంటది. అట్ల మూడేండ్ల గడులు వరుసగా కనబడ్తయి. చేతిల పైసలుండి, కట్టే బుద్ధి ఉండి, నలుగురిల బాకీదారువైతున్నవని నా కడుపుల బాధ.

మా పొదుపు సంఘం పుస్తకాలు నేను ఎన్ని ఏండ్లు రాసిన్నో నీకు తెలుసు. నీ చిన్నప్పుడు ఆ రిజిస్టరు మీద పడుకోనే నిద్రపోయేదానివి. నెలకు 30 రూపాయలు పొదుపు, రోజుకు రూపాయి లెక్కన. చిన్నకోడూరుల మా వాడ ఆడోళ్లంత బీడీలు చేసేటోళ్లు. మొదట్ల మీటింగు 1 తారీఖున పెట్టుకున్నం, అందరు అట్లనే పెట్టుకుంటరని. సగం మంది వట్టి చేతులతోటి వచ్చేటోళ్లు. కొందరు సిగ్గుపడి వచ్చేటోళ్లే కాదు. అప్పుడు ఒక పెద్దామె, అక్షరం ముక్క రాదామెకు, "బీడీల పైసలు చేతికొచ్చిన తెల్లారి పెట్టున్రి, ఎవ్వరు తప్పరు" అన్నది. అట్లనే పెట్టినం. ఆ తర్వాత నా పుస్తకంల కట్టనోళ్ల పేర్ల మీది ఎర్ర గీతలు పోయినయ్. అవే ఆడోళ్లు, అవే కూలి పైసలు. తారీఖొక్కటే మారింది.

మా దగ్గర ఒకామె ఉండె, భర్త లేడు, ఇద్దరు చిన్న పిల్లలు. వానల కొంగు ముడిల పైసలు కట్టుకోని వచ్చేది. పిల్లగానికి జరమొచ్చి దవాఖానల ఉన్నప్పుడు కూడ పక్కింటామెతోటి పంపింది. ఆమె కన్న ఎక్కువ పొదుపు చేసేటోళ్లు ఉండిరి, ఇవ్వాళ రేపు అని తిప్పేటోళ్లు. బ్యాంకు లోను వచ్చినప్పుడు సంఘమంత ఒక్క మాటగ మొదలు ఆమెకే ఇద్దామన్నది. ఆమె బర్రెను కొనుక్కున్నది. ఆ బర్రె పాలు పోసి పోసి పిల్లగాన్ని ఐటీఐ దాక చదివించింది. లోను ఇచ్చే ముందు మేనేజరు కూడ మా దగ్గర పైసలెన్నున్నయని అడుగలే. మీటింగులు ఏ రోజు పెట్టిన్రు, ఎవరెవరు వచ్చిన్రు, కిస్తు ఏ రోజు కట్టిన్రు అని పుస్తకం ముందల వేసుకోని చూసిండు.

2004ల పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు రూపాయలు మాత్రమే మనం కట్టేది, పైన మిత్తి సర్కారుది. అది కూడ కిస్తు టైముకు కట్టిన సంఘానికే. 2012ల వడ్డీ లేని రుణం వచ్చింది, దానికీ అదే షరతు. పది మంది కట్టి ఒకామె తప్పితే అందరికీ పోయేది. అందుకే మేం తారీఖు ముందురోజు ఇల్లిల్లూ తిరిగేది. నీకు ఇల్లిల్లూ తిరిగెటోళ్లు లేరు, నీకు నువ్వే యాది చేసుకోవాలె. ఆటో డెబిట్ పెట్టు, మొత్తం బిల్లుకు పెట్టు. అయినా రెండు రోజుల ముందు ఖాతా చూసుకో, పైసలు లేకుంటే అది వాపస్ పోతది. వంటింట్ల క్యాలెండర్ మీద గడువు తారీఖు చుట్టూ గీత గీయి. నవ్వుకుంటవు గని, గీయి. పన్నెండు నెలలకూ ఇయ్యాల్నే గీసెయ్యి.

అన్నం సరిగ్గ తింటున్నవా? మొన్నటి ఫోటోల బుగ్గలు లోపలికి పోయినయ్. సర్వపిండి చేసి పంపుత, మీ గదిల పిల్లలందరికీ సరిపోయేటట్టు.

ఇగ రెండో కార్డు. 50,000 బాకీల మినిమం 2,500 కట్టి, కట్టినట్టే గద అంటున్నవ్. నీ బిల్లు మీదనే ఉన్నది, నెలకు నూటికి మూడున్నర. ఇంగ్లీషుల రాస్తే చిన్నగ కొడ్తది. మన మాటల చెప్తా, నూటికి మూడున్నర రూపాయల మిత్తి. మీ తాత మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఏడ్చిన ఇల్లు మనది. పావలా వడ్డీకి పద్నాలుగింతలది. 50,000కు నెల మిత్తి 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315. నువ్వు కట్టిన 2,500ల 2,065 అటే పోయింది. అసల్ల తరిగింది 435 రూపాయలు. పాత బాకీ ఉన్నన్ని రోజులు కొత్తగ కొన్నదానికి కూడ కొన్న నాటి నుంచే మిత్తి, ఆ 45 రోజుల ఉద్దెర ఉండదు. ఏటీఎంల కార్డు పెట్టి పైసలు తీసినవంటే తీసిన రోజు నుంచే. మినిమం కడితే టైముకు కట్టినట్టే రాసుకుంటరు, ఆ మాట నిజమే. కానీ కార్డు నిండ బాకీ ఉంటే స్కోరు దిగుతది, లిమిటుల నూటికి ముప్పై దాటకుండ వాడుకోమని బ్యాంకోళ్లే చెప్తరు. నీ చిట్టీ పైసలు వచ్చే నెల వస్తయని మీ అమ్మ చెప్పింది. బంగారం తర్వాత కొనుక్కోవచ్చు, ముందు ఈ బాకీ తెంపు. సరిపోకపోతే నాకు చెప్పు, మొహమాటపడకు. మామయ్యకు తెల్వనవసరం లేదు.

మూడో కార్డుతోటి రెండో కార్డు బిల్లు తిప్పుదామని ఎవరో సలహా ఇచ్చిన్రని రాసినవ్. ఆ మాట చదివినప్పుడు నా చేతులు చల్లబడ్డయి. 2010ల మైక్రో ఫైనాన్సోళ్లు మన ఊర్లల్లకు వచ్చినప్పుడు ఆడోళ్లు చేసింది అదే. ఒకరి వారం కిస్తు కట్టనీకి ఇంకొకరి దగ్గర, వాళ్లది కట్టనీకి మూడో వాళ్ల దగ్గర. ఇంటి ముందల వచ్చి కూసునేటోళ్లు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతట ఆడోళ్లు ప్రాణాలు తీసుకున్నరు. ఆ అక్టోబరుల సర్కారు ఆర్డినెన్సు తెచ్చి వారం వారం వసూళ్లు బందు పెట్టింది. మా సంఘంల ఇద్దరు మంచి మనుషులు ఆ తిప్పుడుల ఊరు ఇడిసిపోయిన్రు. వాళ్లు సోమరోళ్లు కాదు, దుబారా మనుషులు కాదు. ఎవరు ఏం చెప్పినా ఆ దారి తొక్కకు తల్లీ.

మాల్ల నిలబడి అంటగట్టిన ఆ మూడు, నాలుగు కార్డులు బాకీ లేకుండ చేసి మూసెయ్యమని రాసి పంపు. ఏడు పని దినాలల్ల మూయాలె, లేకుంటే రోజుకు 500 నీకే కట్టాలె, అది కూడ రిజర్వ్ బ్యాంకు రూలే. మొదటి కార్డు మూయకు, అది నీ పాత నడత చెప్తది. ఇల్లు తీసుకునే దాక కొత్త కార్డుకు, కొత్త లోనుకు ఎక్కడా దరఖాస్తు పెట్టకు. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే స్కోరు తగ్గదు, ఏడాదికొకసారి ఒక్కో కంపెనీ పుణ్యానికి ఇయ్యాలె. తప్పుడు పద్దు ఉంటే ఫిర్యాదు పెట్టు. 30 రోజులల్ల సరిజేయకుంటే రోజుకు 100 రూపాయలు ఇచ్చుకోవాలె వాళ్లు.

ఇవన్నీ తర్వాత. మొదలు చేయాల్సింది ఒకటే. బిల్లు తారీఖు కనీసం ఒకసారన్నా మార్చుకునే హక్కు కార్డున్నోళ్లకు ఉన్నది. రేపు పొద్దున బ్యాంకుకు ఫోన్ చేసి, బిల్లు 17 తారీఖు దగ్గర తయారయ్యేటట్టు పెట్టమను. గడువు 5, 6 తారీఖులకు పడ్తది. 1న జీతం, 2న బిల్లు, నెలాఖరుకు నీ పేరు మీద గడువు దాటిన బాకీ ఉండదు. ఆరు నెలలు ఆగమన్నరు గద, ఆ ఆరు గడులల్ల ఒక్క అంకె పడకుండ చూసుకో, తర్వాత అదే బ్యాంకుకు పో.

మీ అమ్మకు ఈ లెక్కలు నేను చెప్ప, నువ్వే నెమ్మదిగ చెప్పు. బతుకమ్మకు వచ్చేటప్పుడు బస్సుల నిలబడి రాకు, రైలెక్కు. కొత్త తారీఖు పడ్డ బిల్లు ఫోటో పంపు.

మీ అత్తమ్మ