జాకీ కొనే ముందు నేల చూడండి

విజయవాడ ఆటోనగర్‌ షెడ్లలో బండ్ల కింద దూరి బతికినవాణ్ణి. థార్, బొలెరో, స్కార్పియో కొనుక్కుని దివిసీమ గట్ల మీద, కైకలూరు చేపల చెరువుల వెంట తిరిగే కుర్రాళ్లు జాకీ సంగతి అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. “ఎన్ని టన్నులది కొనాలి బాబాయ్?” అన్నది అందరి మొదటి ప్రశ్న. థార్ బరువు సుమారు 1,750 కిలోలు. ఒక చక్రం లేపితే జాకీ మీద పడేది దాదాపు మూడో వంతు. 3 టన్నుల బాటిల్ జాకీ చాలు. టన్నులు చూసి మురిసిపోయి ఎత్తు చూడకుండా కొనేవాళ్లే ఎక్కువ.

2. టైరులో గాలి పోయాక ఇరుసు కింద ఎంత సందు మిగులుతుందో కొలవండి. పూర్తిగా దించిన జాకీ అందులో దూరాలి. పంక్చరైన చక్రం బురదలో దిగబడితే ఆ సందు ఇంకా తగ్గుతుంది. గాలి నిండిన స్టెప్నీ ఎక్కాలంటే అంతకంటే బాగా పైకి లేవాలి. జాకీ తలలో తిప్పి పెంచుకునే స్క్రూ ఉన్నది తీసుకుంటే ఈ రెండో ఇబ్బంది తీరుతుంది.

3. వెనక జాకీ ఇరుసు కిందే పెట్టండి, స్ప్రింగులకు దగ్గరగా. ఛాసీ కింద పెడితే మొదట స్ప్రింగులు సాగుతాయి, బాడీ లేస్తుంది, చక్రం మాత్రం నేల వదలదు. ముందు చక్రాలకు కంపెనీ పుస్తకంలో చూపించిన చోటే పెట్టాలి.

4. అసలు విషయం మన నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది, కాలవలకు నీళ్లొదిలాక గట్టు పక్కన వెన్నముద్దే. లెక్క చూడండి: జాకీ అడుగు పది సెంటీమీటర్ల చదరం, మీద 600 కిలోలు. అంటే చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు. బండి లేవదు, జాకీయే దిగబడుతుంది. అడుగు చదరం, రెండంగుళాల మందం ఉన్న గట్టి చెక్క వేస్తే అదే బరువు చదరపు సెంటీమీటరుకు 0.65 కిలోలకు తగ్గుతుంది. ఇటుక పెట్టొద్దు, బరువు పడగానే పగులుతుంది. జాకీ దూరడం లేదని గునపంతో గుంట తీసేవాళ్లను చూశాను. చెరువు గట్టున ఆ గుంటలో నీళ్లూరతాయి. పొట్టి జాకీ, మందపాటి చెక్క కలిసి ఉంటే ఆ అవస్థ రాదు.

5. వాలు మీద హ్యాండ్ బ్రేకును ఒక్కదాన్నే నమ్మొద్దు. పాత విల్లీస్ జీపుల్లో అది చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందంటే రెండోది స్వేచ్ఛగా తిరుగుతుంది, బండి జారిపోతుంది. ఏ బండికైనా నేల మీదున్న చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే జాకీ కొట్టండి.

6. పొడుగు హైలిఫ్ట్ జాకీ అందంగా ఉంటుంది. ఇనుప బంపరు లేని బండికి అది దండగ. చెయ్యి జారితే దాని పిడి ఎగిరి దవడకు తగులుతుంది.

7. నాగాయలంక వైపు ఉప్పునీళ్లలో తిరిగొస్తే జాకీ తుడిచి స్క్రూకు గ్రీజు పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు బురదలో మునిగిన జాకీ మీ డిక్కీలో ఇంకా ఉంటే, దాంతో బండి లేపి ఒక రాత్రి ఉంచి చూడండి. కిందికి దిగుతుంటే సీళ్లు పోయినట్టే.

8. జాకీ స్టాండ్లు కూడా కొనండి. అవి లేకుండా బండి కింద తల పెట్టకండి నాయనా. చక్రం విప్పేటప్పుడైనా స్టెప్నీని ఛాసీ కిందికి తోసి ఉంచండి.