కొలతే సాక్ష్యం

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా నాయన చెరువు మట్టి పనికి పోయాడు. ఆ పనికి కూలి గుంత లెక్కన. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు తవ్వాడు. కొలిచినాయన లోతు ఒక అడుగేనని రాసుకున్నాడు. 150 ఘనపుటడుగులు తవ్వితే 100కే డబ్బులొచ్చాయి. నాయనకు చదువు లేదు. పక్కనే ఉన్న నాకు 8వ తరగతిలో నేర్చిన ఘనపరిమాణం గుర్తుకే రాలేదు.

బడి తెరిచాక లెక్కల సారుకు చెప్పాను. "కొలవడమే ఉద్యోగంగా చేసేవాళ్లున్నార్రా" అన్నారు. వాళ్లే క్వాంటిటీ సర్వేయర్లు. కట్టబోయే దానికి ఎన్ని ఇటుకలు, ఎంత సిమెంటు, ఎంత ఖర్చు అని ముందే లెక్క కడతారు. పని జరుగుతుంటే కొలిచి, చేసినంతకు డబ్బు లెక్క తేలుస్తారు. మన దగ్గర ఈ పని ఎక్కువగా ఇంజనీర్లే చూస్తారు. ముందు వేసే లెక్క ఎస్టిమేటు, కొలతలు రాసే పుస్తకం ఎం-బుక్కు. ఇంగ్లాండులో 1922లో ఏ పనిని ఎలా కొలవాలో అందరికీ ఒకే పద్ధతి పెడుతూ పుస్తకం వేశారు.

సారు చెప్పిన రెండు రికార్డులు వినండి.

1. న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం. 102 అంతస్తులు, 57,000 టన్నుల ఉక్కు, సుమారు కోటి ఇటుకలు. 1930 మార్చిలో మొదలుపెట్టి 1931 మే 1న ప్రారంభించారు. స్థలంతో కలిపి 5 కోట్ల డాలర్లవుతుందనుకుంటే, సుమారు 4 కోట్ల 10 లక్షలే అయింది. ఆర్థిక మాంద్యంలో ధరలు పడిపోవడం ఒక కారణం. ఏ సామాను ఎంత, ఏ వేళకు రావాలో ముందే లెక్క కట్టుకోవడం ఇంకో కారణం.

2. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఒపేరా హౌస్. 70 లక్షల డాలర్లతో 1963కి అయిపోతుందన్నారు. 10 కోట్ల 20 లక్షలయింది, 1973 దాకా పట్టింది. పైకప్పు ఎలా కట్టాలో తేలకుండానే 1959లో పని మొదలెట్టారు. తరువాత కప్పు బరువు మోయలేవని కట్టిన స్తంభాలనే మళ్లీ కట్టాల్సి వచ్చింది. ప్లానే తేలనిదాన్ని ఎవరు మాత్రం సరిగ్గా లెక్క కట్టగలరు?

సంక్రాంతి సెలవుల్లో నాయన రోడ్డు పక్క మట్టి పనికి పోతే నేనూ టేపు పట్టుకొని పోయాను. సారు చెప్పినట్టు గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మను తవ్వకుండా వదిలాం. పాత నేల ఎత్తుకు అదే సాక్ష్యం. కొలిచినాయన దిమ్మకు టేపు పెట్టాడు. ఒకటిన్నర అడుగు. ఏం మాట్లాడకుండా 150 అని రాశాడు.

మీకో లెక్క: 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, 0.2 మీటరు మందం ఉన్న గోడ. అందులో 1 మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు తలుపు. ఘనపు మీటరుకు 500 ఇటుకలైతే మొత్తం ఎన్ని కావాలి? తలుపు మేర తీసెయ్యడం మరిచిపోకండి. జవాబు లెక్కల సారుకు చూపించండి.

— 9వ తరగతి విద్యార్థి