అరుగుదలకు బొప్పాయి మాత్ర: మన పిల్లలకు అవసరమా?



"మా బాబు సరిగా తినడం లేదు మేడమ్, అరుగుదలకు ఏదైనా సిరప్ పడితే మంచిదా?" పేరెంట్–టీచర్ మీటింగ్‌లో మార్కుల తర్వాత ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. మందుల షాపులో అడిగితే ఎంజైమ్ సిరప్పో, చప్పరించే మాత్రో చేతిలో పెడతారు. డబ్బా మీద బొప్పాయి బొమ్మ ఉంటే ఇక మనకు అనుమానం రాదు, పండేగా అనుకుంటాం. అలాంటి చాలా మాత్రల్లో ఉండే ఎంజైమ్ పేరు పపైన్. అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ఈ నెల తెలుసుకుందాం. హైస్కూల్ పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, జీవశాస్త్రానికీ పనికొస్తుంది.

పచ్చి బొప్పాయి కాయకు గాటు పెడితే తెల్లటి పాలు కారతాయి. వాటిని ఆరబెట్టి, శుద్ధి చేసి పపైన్ తీస్తారు. కాయ పండేకొద్దీ పాలు తగ్గిపోతాయి కాబట్టి పండులో ఇది చాలా తక్కువ. బొప్పాయి పండు తింటే విరేచనం సాఫీగా అవుతుందంటే ఆ గొప్ప ముఖ్యంగా పండులోని పీచుది, నీటిది.

పపైన్ చేసే పని ఒక్కటే, ప్రొటీన్లను ముక్కలు చేయడం. హైదరాబాద్ వంటవాళ్లకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కబాబ్‌కో, కచ్చీ బిర్యానీకో మాంసం నానబెట్టేటప్పుడు పచ్చి బొప్పాయి ముద్ద కలుపుతారు. కొలత మించితే ముక్క మెత్తబడటం దాటి పిండిలా అయిపోతుంది. ప్రయోగశాలలోనూ దీనికి చోటుంది. బ్రిటన్ శాస్త్రవేత్త రోడ్నీ పోర్టర్ మన రక్తంలోని యాంటీబాడీలను పపైన్‌తోనే ముక్కలుగా కోసి వాటి నిర్మాణాన్ని తెలుసుకున్నారు. ఆ కృషికి 1972లో ఆయనకు, జెరాల్డ్ ఎడెల్మన్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంట్లో చేసి చూడండి

అనాసలో పపైన్‌కు దగ్గరి చుట్టం ఉంది, పేరు బ్రోమెలైన్. రెండు గిన్నెల్లో కొంచెం పెరుగు తీసుకోండి. ఒకదానిలో పచ్చి అనాస ముక్కలు, రెండోదానిలో బాగా ఉడికించి చల్లార్చిన ముక్కలు వేసి, కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి రుచి చూడండి. మొదటిది చేదెక్కుతుంది. ఎంజైమ్ పాల ప్రొటీన్లను కోసినప్పుడు పుట్టే చిన్న ముక్కలే ఆ చేదు. రెండోదానిలో వేడికి ఎంజైమ్ పాడైపోయింది కాబట్టి పెరుగు అలాగే ఉంటుంది. అనాస రైతా చేసే అమ్మలు ముక్కలను ముందు ఎందుకు ఉడికిస్తారో పిల్లలనే చెప్పమనండి.

ఇప్పుడు మన పిల్లల కంచం చూద్దాం. అన్నం, ఇడ్లీ, దోసె, బంగాళదుంప వేపుడు. వీటిలో ఎక్కువ భాగం పిండి పదార్థం. పపైన్ దాని జోలికే పోదు. నూనెనూ తాకదు. అందుకే కంపెనీలు బూజు జాతి నుంచి తీసిన డయాస్టేజ్ లాంటి మరో ఎంజైమ్‌ను కలుపుతుంటాయి. పైగా కడుపులోని ఘాటైన ఆమ్లంలో పపైన్ శక్తి తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ప్రొటీన్‌ను కోయడానికి పెప్సిన్, ట్రిప్సిన్, పిండిని కోయడానికి అమైలేజ్ సరిపడా తయారవుతాయి. ఉన్న పనివాళ్లకు తోడు ఇంకొకరిని పంపితే ఆకలి పెరగదు.

ఎంజైమ్‌లు నిజంగా కొరవడే పిల్లలు కొందరున్నారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ వంటి జబ్బుల్లో క్లోమగ్రంథి ఎంజైమ్‌లు పేగుకు చేరవు. వారికి డాక్టర్ ఇచ్చేది పంది క్లోమం నుంచి తీసిన మందు, అదీ బరువును బట్టి, తిండిని బట్టి లెక్కకట్టి. పాలు పడని పిల్లలకు కావలసింది లాక్టేజ్. బొప్పాయి మాత్ర ఈ రెండింటికీ బదులు కాదు.

అసలు చిక్కు ఎక్కడంటే, 'తినడం లేదు' అన్నది అరుగుదల సమస్య కాకపోవచ్చు. సాయంత్రం ఇంటికి రాగానే పెద్ద గ్లాసు పాలు, బిస్కెట్ ప్యాకెట్ అయిపోతే రాత్రి ఎనిమిదికి ఆకలి ఎలా వేస్తుంది? మలబద్ధకం ఉన్నా, రక్తహీనత ఉన్నా, కడుపులో నులిపురుగులున్నా తిండి తగ్గుతుంది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 జాతీయ నులిపురుగుల నివారణ దినాలు. ఆ రోజు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రకు "మా పాపకు వద్దు" అని చీటీ రాసి పంపి, ఆ సాయంత్రమే ఎంజైమ్ సిరప్ కొనే ఇళ్లూ ఉన్నాయి! నెలల తరబడి సిరప్ పోస్తూ ఉంటే అసలు కారణం అలాగే దాగి ఉంటుంది. బరువు తగ్గడం, మలంలో రక్తం, రాత్రి నిద్రలేపే కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే నేరుగా డాక్టర్ దగ్గరకే వెళ్లండి.

మొక్క నుంచి వచ్చింది కదా, హాని ఉండదనుకోకండి. పపైన్ అలర్జీ కలిగించగలదు. గాయాలపై పూసే, అనుమతి లేని పపైన్ మందుల వల్ల ప్రాణాపాయకరమైన అలర్జీలు రావడంతో అమెరికా ఔషధ సంస్థ 2008లో వాటి అమ్మకం ఆపమని ఆదేశించింది. బెలూన్లు, రబ్బరు గ్లౌజులు తగిలితే దురద, దద్దుర్లు వచ్చే పిల్లలకు బొప్పాయి కూడా పడకపోవచ్చు. మాత్ర వేశాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో తాతయ్య వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే ఆయనా ఈ మాత్రలకు దూరంగా ఉండాలి. గర్భిణులూ డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. కొన్ని ఎంజైమ్ మాత్రల్లో బొగ్గుపొడి కూడా ఉంటుంది. దానివల్ల మలం నల్లగా వస్తుంది, వెంట వేసుకునే ఇతర మందులు ఒంటికి పట్టకుండానూ పోవచ్చు.

కొనేముందు లేబుల్ చదవండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ నంబరుతో పాటు 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' అని ఉంటే అది ఆహార సప్లిమెంట్, జబ్బు నయం చేసే మందుగా అమ్మకూడదు. పపైన్ ఇన్ని మిల్లీగ్రాములని మాత్రమే రాస్తే దాని కోసే శక్తి ఎంతో తెలియదు, అది యూనిట్లలో ఉండాలి.

లంచ్ బ్యాగులో మాత్రలు, సిరప్ సీసాలు పెట్టి పంపకండి. డాక్టర్ రాసిన మందు స్కూల్ సమయంలో వేయాల్సి ఉంటే, చీటీ జిరాక్స్, మీ సంతకంతో ఉత్తరం కలిపి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. పిల్లలకు ఉన్న అలర్జీలను స్కూల్ డైరీ ఆరోగ్య పేజీలో రాయడం మరిచిపోవద్దు.