ఒక్క పాత్రలోనే ఎందుకు? (1 కొరింథీ 10:16-17)



పోయిన వారం వీడియో చూసి జనగామ నుంచి ఒక చెల్లి అడిగింది: "అన్నా, బల్లలో అందరూ ఒకే గిన్నెలో తాగాలా? చిన్న కప్పులు ఇస్తే తప్పా?" భూపాలపల్లి తమ్ముడొకరిదీ ఇదే ప్రశ్న. బైబిల్ దగ్గర పెట్టుకుని చదవండి.

1. వాక్యం

మత్తయి 26:27లో ప్రభువు పాత్ర ఎత్తి, అక్కడున్న అందరినీ తాగమన్నాడు. ఆ బల్ల దగ్గర యూదా, పేతురు కూడా ఉన్నారు. 1 కొరింథీ 10లో పౌలు పాత్రను క్రీస్తు రక్తంలో పాలు పొందడం అన్నాడు. 11వ అధ్యాయంలో ఆయన గద్దించింది ఎందుకు? ఉన్నవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను సిగ్గుపరిచారు కాబట్టి.

2. చరిత్ర

1415లో కాన్‌స్టాన్స్ మహాసభ పాత్రను గురువులకే పరిమితం చేసింది. ఆంగ్లికన్ సంఘం ఒప్పుకోలేదు. దాని 39 సూత్రాల్లో 30వది, సామాన్య విశ్వాసికి పాత్రను నిరాకరించకూడదని చెబుతుంది.

3. మన గడ్డ మీద

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ మీకు తెలుసు. 1912 డిసెంబర్ 29న వి.ఎస్. అజరయ్యగారు ఆ డయాసిస్‌కు బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆ డయాసిస్‌లో ఎక్కువమంది మాల, మాదిగ విశ్వాసులు. ఒకరింట ఒకరు నీళ్లు తాగని రోజులవి. అలాంటి వాళ్లు పక్కపక్కన మోకరించి ఒకే పాత్రకు పెదవి ఆనించడం చిన్న మాటా?

మా నాయనమ్మ చెప్పేది. ఊరి హోటల్లో ఆమె గ్లాసు వేరే, చూరులో దోపి ఉండేదట. తాగి, తానే కడిగి పెట్టాలి. "ఆదివారం గుడిలో మాత్రం నా కోసం వేరే గిన్నె లేదు బిడ్డా" అనేది.

4. మరి చిన్న కప్పులు?

చిన్న కప్పులు పాపం కాదు. 1947లో ఏర్పడిన సీఎస్ఐలో ఆంగ్లికన్లతోపాటు మెథడిస్టులు, ఇతరులు కలిశారు; అలవాట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు పాత్రను పక్కన పెట్టడం పొరుగువాని మీద ప్రేమే. జబ్బుతో తీసుకోలేనివాడు పశ్చాత్తాపంతో, విశ్వాసంతో ఉంటే క్రీస్తును ఆత్మలో పొందుతాడని ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథమే ధైర్యం చెబుతుంది. కాబట్టి దగ్గు, జ్వరం ఉంటే ఆగండి, దోషం లేదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఒకసారి బల్ల దగ్గర నా ముందు పాకీ పని చేసే పెద్దాయన తాగాడు. అయ్యగారు గుడ్డతో అంచు తుడిచి, పాత్ర తిప్పి ఇచ్చారు. నా చెయ్యి ఒక్క క్షణం వెనక్కి పోయింది. శుభ్రత కోసమే అనుకున్నాను. ఆయన ముందు డాక్టరుగారు తాగి ఉంటే అలా ఆగేవాణ్ణా? ఆగను. నాయనమ్మ గ్లాసు గుర్తొచ్చి సిగ్గుతో తాగాను.

చెల్లీ, తమ్ముడూ, మీ సంఘం ఏ కప్పు వాడినా ఈ ఒక్కటి పరీక్షించుకోండి: నేను భయపడుతున్నది రోగానికా, మనిషికా? రోగానికైతే జాగ్రత్త పడండి. మనిషికైతే ముందు వెళ్లి సమాధానపడండి, తర్వాత బల్లకు రండి.

ప్రార్థన: ప్రభువా, నీ బల్ల దగ్గర నా సహోదరుణ్ణి చూసి వెనక్కి తగ్గే మనసును నాలోనుంచి తీసివెయ్యి. ఆమేన్.