పాత లోగిలి – కొత్త వసతి

పాఠ్యభాగ ఉద్దేశం: పాత ఇంటిని పడగొట్టకుండా, దాని నిర్మాణంలోని మర్మాన్ని గ్రహించి, నేటి అవసరాలకు అనువుగా మలచుకునే విధానాన్ని తెలియజేయడం.

యానాం నుంచి యెదుర్లంక వారధి దాటి అమలాపురం వైపు సాగే దారిలో, గౌతమీ తీరాన ఉన్న గ్రామం మురమళ్ళ. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి నిత్యకల్యాణం జరిగే క్షేత్రంగా అది ప్రసిద్ధి పొందింది. కల్యాణం చేయించడానికి వచ్చే యాత్రికుల దృష్టి సహజంగా ఆలయం మీదనే నిలుస్తుంది. అయితే కోనసీమలో చూడదగినది మరొకటి ఉన్నది. కొబ్బరితోటల నడుమ అక్కడక్కడ మిగిలి ఉన్న మండువా లోగిళ్ళే అవి.

వీధి అరుగు, సింహద్వారం, నడవా, మండువా, దాని చుట్టూ వసారాలు, గదులు, వెనుక పెరడు - ఇదీ లోగిలి స్వరూపం. నాలుగు వైపుల కప్పు లోపలికి వాలి ఉండటం వల్ల వాననీరు మండువాలోకి జారి తూము గుండా బయటికి పోతుంది. వేడెక్కిన గాలి మండువా మీదుగా పైకి పోతుంటే, వీధి వాకిలి నుంచి, పెరటి వాకిలి నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే డెల్టా ప్రాంతానికి తగిన ఏర్పాటు ఇది. మండువా అలంకారం కాదు, ఇంటికి ఊపిరి.

ఇటువంటి ఇళ్ళు నేడు తరిగిపోతున్నాయి. పంపకాలలో ఇల్లు ముక్కలవుతుంది. పిల్లలు నగరాలలో స్థిరపడతారు. పెంకు నేయించడం ఏటేటా భారమవుతుంది. దీనికి తోడు తుపాను భయం ఉండనే ఉన్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన పెనుతుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను నేలకూల్చింది; ఇళ్ళను దెబ్బతీసింది. ఆ రాత్రిని చూసినవారు డాబా ఇంటిని కోరుకున్నారంటే తప్పుపట్టలేము. కాని పడగొట్టడం, పాడుపెట్టడం అనే రెండు దారులే కాక, బాగుచేసుకోవడం అనే మూడవ దారి కూడా ఉన్నది.

బాగుచేయడం అంటే పైపై మెరుగులు దిద్దడం కాదు. ముందుగా ఇంటి రోగం తెలుసుకోవాలి. డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. నేలలోని చెమ్మ పునాది గుండా గోడలోకి ఎక్కుతుంది. సున్నంతో కట్టిన పాతగోడ ఆ చెమ్మను మెల్లగా గాలిలోకి వదులుతుంది. అటువంటి గోడకు గట్టిగా ఉంటుందన్న నమ్మకంతో సిమెంటు పూత పూస్తే, చెమ్మ బయటికి రాలేక లోపలనే నిలుస్తుంది. కొంతకాలానికి పూత పెచ్చులూడుతుంది. గోడ లోలోపల గుల్లబారుతుంది. అందుచేత సున్నపు గోడకు సున్నమే మందు. గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని క్రమంగా రాయిలా గట్టిపడుతుంది. అయినా చెమ్మకు దారి విడుస్తుంది.

తరువాత చూడవలసినది కప్పు. పెంకులు దింపి, చెదపట్టిన వాసాలను మార్చి, మిగిలినవాటికి మందు పూయాలి. గాలి ఎత్తివేయకుండా వాసాలను దూలాలకు, దూలాలను గోడలకు ఇనుప పట్టీలతో బిగించాలి. అందం కోసం కప్పు కింద మరొక కృత్రిమపు కప్పు అమర్చితే చెద, కారుడు కంటికి కనబడకుండా పోతాయి. చీకటి గదులకు నడుమనడుమ అద్దపు పెంకులు నేస్తే పగటివేళ దీపం అక్కరలేదు.

ఇక ఆధునిక వసతులు. స్నానాల గదిని, మరుగుదొడ్డిని పెరటివైపు కొత్త ఇటుక గోడలతో కట్టుకుంటే, నీటి గొట్టాల తడి పాతగోడకు తగలదు. విద్యుత్తు తీగల కోసం గోడలను చీల్చకుండా, గోడ పైనుంచే గొట్టాలలో నడపవచ్చు. వంటింట్లో నిలబడి వండుకునే గట్టు, పొగ పోయే మార్గం అవసరం. వృద్ధుల కోసం ఎత్తు గడపల వద్ద వాలుబాట, పట్టుకొమ్మ ఉండాలి. దొంగల భయంతోనో, జల్లు పడుతుందనో మండువాను రేకుతో పూర్తిగా కప్పితే ఇల్లు కొలిమి అవుతుంది. ఇనుప ఊచల చట్రం భద్రతకు చాలు. దాని పైన రెండడుగుల ఎత్తున, పక్కలు తెరచి ఉంచి గాజు కప్పు వేస్తే వాన ఆగుతుంది, గాలి ఆడుతుంది.

ప్రాంతానికి తగిన ఇల్లు అనే ఈ భావం కోనసీమకే పరిమితం కాదు. ఇంగ్లాండులో పుట్టి భారతీయుడైన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) హిమాలయ ప్రాంతంలోని పిథోరాగఢ్‌లో ఏళ్ళ తరబడి నివసించాడు. అక్కడి కొండవాసులు దొరికిన రాయితో, కలపతో చలికి తగినట్లు కట్టుకున్న ఇళ్ళను చూసి, చదువుకున్న చదువు కంటె వాటి నుంచే ఎక్కువ నేర్చుకున్నాడు. పిమ్మట కేరళలో ఇటుక, సున్నం, పెంకులతో తక్కువ ఖర్చుతో ఎన్నో భవనాలు నిర్మించాడు. 1990లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. కొండ మీది ఇంటికి చలి గురువు. డెల్టాలోని ఇంటికి ఉక్క గురువు.

అన్ని లోగిళ్ళూ నిలబడవు. నిలబెట్టడం అందరికీ సాధ్యమూ కాదు. కాని నిలబెట్టదలచినవారు ఇంటిని ప్రదర్శనశాలగా కాక నివాసంగా నిలబెట్టాలి. రోజూ దీపం వెలిగే ఇంట్లో చెద తొందరగా కంటబడుతుంది, కారుడు ఆనాడే తెలుస్తుంది. మనిషి మసలని ఇంటిని మాత్రం ఏ మరమ్మతూ కాపాడలేదు.

అర్థాలు
లోగిలి = ఇల్లు, ఇంటి ప్రాంగణం
మండువా = ఇంటి నడుమ ఆకాశానికి తెరచి ఉన్న భాగం
తూము = నీరు పోయే దారి
వాసం = కప్పును మోసే వాలు కర్ర
గుల్లబారు = లోపల డొల్ల అగు

ప్రశ్నలు
1. “మండువా ఇంటికి ఊపిరి” - సమర్థించండి.
2. సున్నపు గోడకు సిమెంటు పూత ఎందుకు తగదు?
3. మీ ప్రాంతంలోని ఒక పాత ఇంటిని పరిశీలించి, అందులో ఉంచవలసినవి, మార్చవలసినవి వివరించండి.