లెక్క వేసుకుంటే భయం తగ్గుతుంది

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో వయసు గురించి మాట్లాడటానికి ఎవరూ మొహమాటపడరు. కోచింగ్ సెంటర్ల ముందు, జిరాక్స్ షాపుల దగ్గర, టీ బండి చుట్టూ నడిచే చర్చల్లో అదీ ఒకటి. సివిల్స్‌కు జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, ఆరు అటెంప్టులు. తెలంగాణ గ్రూప్-1కు 2024 నోటిఫికేషన్‌లో 46 ఏళ్లు. ఇంకెన్ని అవకాశాలు మిగిలాయో చూసుకుని, ఏది చదవాలో ఏది వదిలేయాలో అభ్యర్థి తేల్చుకుంటాడు. అక్కడికి దగ్గర్లోనే చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. సాయంత్రం పూట సాహిత్య సభలకు, కచేరీలకు వచ్చేవాళ్లలో రిటైరైనవాళ్లే ఎక్కువ. బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు అన్నీ మాటల్లోకి వస్తాయి. ఇంకెంత కాలం ఉంటామన్న ప్రశ్న వస్తే మాత్రం ‘అశుభం ఎందుకులెండి’ అని దాటేస్తారు. పాతికేళ్ల కుర్రాడు వేసే లెక్క అరవై దాటినవాళ్లు వేయకపోవడమే వృద్ధాప్యం మీద భయాన్ని పెంచుతోందని నా వాదన.

దీనికి ఆధారాలున్నాయి. మిగిలిన కాలం తక్కువని గ్రహించినప్పుడు మనిషి ప్రాధాన్యాలు మారతాయని స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ పరిశోధనలు చెబుతున్నాయి. పరిచయాల సంఖ్య తగ్గి, దగ్గరివాళ్లతో గడిపే కాలానికి విలువ పెరుగుతుంది. పెద్దవాళ్లలో కోపం, దిగులు యువకులకంటే తక్కువగా కనిపించడానికి ఆమె చెప్పే కారణాల్లో ఇదొకటి. అమెరికాలోని ఒహాయోలో యాభై దాటిన 660 మందిని పరిశీలించి బెక్కా లెవీ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. తమ ముసలితనం పట్ల సానుకూలంగా ఉన్నవాళ్లు మిగతావారికంటే సగటున ఏడున్నర ఏళ్లు ఎక్కువ బతికినట్టు తేలింది. ఆలోచన ఒక్కటే ఆయుష్షు పెంచుతుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ వయసును శత్రువుగా చూస్తే నష్టమేనని చెప్పడానికి ఇది చాలు.

పరీక్షకు ఆఖరి తేదీ ఉంటుంది, చావుకు ఉండదు కదా, లెక్క ఎలా వేస్తామని కొందరు అడగవచ్చు. తేదీ తెలియదు కాబట్టే ముందుగా సిద్ధపడాలి. తెలిసి ఉంటే ముందురోజు చూసుకోవచ్చు. చావు గురించి మాట్లాడటమే అపశకునమన్నది మరో అభ్యంతరం. ఎల్ఐసీ పాలసీ తీసుకున్నవాళ్లలో దాదాపు అందరూ నామినీ గడి నింపారు. తమ తర్వాత డబ్బు ఎవరికి చేరాలో ఇరవై, ముప్ఫై ఏళ్లకే రాసిచ్చారు. అప్పుడు అడ్డురాని శకునం అరవైలో ఎందుకు అడ్డురావాలి? పదే పదే తలచుకుంటే దిగులు పట్టుకుంటుందన్న మాటలో మాత్రం నిజముంది. అందుకే తలచుకుంటూ కూర్చోకుండా దాన్ని పనులుగా విడగొట్టాలి. పని పూర్తయ్యాక దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఆ పనులు పెద్దవేమీ కావు. బ్యాంకు ఖాతాలో నామినీ ఉంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. నామినీకి డబ్బు తీసుకునే వీలే ఉంటుంది, వారసుల హక్కు పోదు. కాబట్టి వీలునామా రాయాలి. తెల్లకాగితం మీద రాసి, సంతకం చేసి, ఇద్దరు సాక్షులతోనూ సంతకాలు పెట్టిస్తే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ మంచిదే కానీ తప్పనిసరి కాదు. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ మీద ఉంచాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. అలాంటి కాగితం లేని ఇంట్లో ఐసీయూ బయట నిర్ణయం భారం పిల్లల మీద పడుతుంది. ఒకరు కొనసాగించమంటారు, ఒకరు వద్దంటారు, ఆ మనస్పర్థ ఏళ్లపాటు మిగులుతుంది. ఆస్తి లేనివాళ్లకూ ఇవ్వడానికి ఒకటుంది. ప్రజాకవి కాళోజీ 2002లో మరణించాక ఆయన కోరిక ప్రకారమే భౌతికకాయం వరంగల్ కాకతీయ వైద్య కళాశాలకు చేరింది.

ఇవన్నీ చేసినా దుఃఖం పోదు, ఒంటరితనం పూర్తిగా తీరదు. ఏమవుతుందోనన్న బెంగ మాత్రం సగానికి సగం తగ్గుతుంది. అరవై దాటినవారికి నా మనవి ఒక్కటే: ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి, ఖాతాలు, కాగితాలు, మీ ఇష్టాయిష్టాలు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. పిల్లలు ‘ఇప్పుడెందుకు నాన్నా’ అంటారు. అయినా రాయించండి.